గెలిచిన తీర్పు, ఓడిన తీర్పు

జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం, తిరుమలగిరి, సికింద్రాబాద్



సుబ్బారావుగారి పేరెత్తితే లా కాలేజీలో నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడు కూడా గోలక్‌నాథ్ అంటాడు. 1967 ఫిబ్రవరి 27న వచ్చిన తీర్పు అది. పదకొండు మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ప్రధాన న్యాయమూర్తి హోదాలో ఆయన తేల్చేశారు. ఆరేళ్లు దాటి రెండు నెలలు గడవకుండానే, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో పదమూడుగురు కూర్చుని దాన్ని పక్కన పెట్టేశారు. గెలిచిన తీర్పు ఆయుష్షు అంత. ఆయన ఓడిపోయిన తీర్పు ఇంకొకటి ఉంది. 1962 డిసెంబరు 18 నాటిది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు, ఒక్కరు కూడా విభేదించకుండా, అదే సరైన మాట అన్నారు. ఈ పూట నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది ఆ రెండో తీర్పు గురించి.

జీవిత విశేషాలు త్వరగా చెప్పేస్తాను. 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. డిగ్రీ అక్కడి ఆర్ట్స్ కాలేజీలో, లా మద్రాసులో. ప్రాక్టీసుకు మొదట చేరింది మామగారు పి. వెంకటరమణారావు నాయుడుగారి ఆఫీసులో. ఆ మామగారు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. మధ్యలో కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మునసబు కొలువు. దాన్ని వదిలి బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు పెట్టారు. ఈ రాజమన్నారే మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పెద్దమనిషి. మన నాటక సాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ‘తప్పెవరిది’ నాటకకర్తగా తెలుసు. జడ్జీలు నాటకాలు రాసిన కాలం ఒకటుండేది.

1948లో సుబ్బారావుగారు మద్రాసు హైకోర్టు బెంచి ఎక్కారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు పోయాయి. 1954 జులైలో మొదలైన ఆ హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనానికి అదే హోదాలో వచ్చారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి పదవి. తెలుగువాళ్లలో ఆ కుర్చీ మొదట ఎక్కింది ఆయన. రెండోసారి ఎక్కడానికి 2021లో ఎన్.వి. రమణగారు రావలసి వచ్చింది.

ఇక ఆ కేసుకు వస్తాను. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ పల్లెటూరివాడు. 1941లో ఒక దోపిడీ కేసులో పోలీసులు పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది గాని ఫైలు పోలేదు. స్టేషన్లో అతని పేరున హిస్టరీ షీటు తెరిచారు. మన దగ్గర రౌడీషీటు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అదీ ఇదీ ఒకే వంశం. రాత్రిపూట చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి కేకలేసి లేపేవారు, తలుపు తట్టేవారు, ఒక్కోసారి లేచి స్టేషనుకు నడవమనేవారు. ఊరు దాటాలంటే ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకు చెప్పాలి. ఆ కబురు అవతలి ఊరి స్టేషనుకు వెళ్లేది. అతని ఇంటి మీద రహస్యంగా కాపలా పెట్టవచ్చు, అతని అలవాట్ల గురించి, సంపాదన గురించి వాకబు చేయవచ్చు. ఇదంతా యూపీ పోలీసు రెగ్యులేషన్లలో 236వ నిబంధన ప్రకారం జరిగేది. అప్పటికి రాజ్యాంగం వచ్చి పన్నెండేళ్లు దాటింది.

ఆరుగురు న్యాయమూర్తుల బెంచి విన్నది. నలుగురి తరఫున రాజగోపాల అయ్యంగార్ రాశారు. రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదని కొట్టేశారు. ఆ మేరకు ఖరక్ సింగ్ గెలిచాడు. మిగతా నిఘా మాత్రం నిలిచింది. గోప్యత హక్కు మన రాజ్యాంగం ఇచ్చినది కాదన్నారు. వెనకాల ఒకడు గమనిస్తున్నాడన్నంత మాత్రాన మనిషి సంచారానికి అడ్డేముంది, సంచార స్వేచ్ఛకు భంగం అంటే కంటికి కనిపించే ఆటంకం ఉండాలన్నారు.

సుబ్బారావుగారు, ఆయనతో జె.సి. షా, ఇద్దరే ఒప్పుకోలేదు. 236వ నిబంధన మొత్తం పోవాలన్నారు. కారణం చూడండి. మనిషి నడవగలగడం వేరు, స్వేచ్ఛగా నడవడం వేరు. అడుగడుగునా పోలీసు చూపు వెంట వస్తుంటే అది మరబొమ్మ నడక అవుతుంది. అలాంటివాడికి దేశమంతా జైలే. ఇష్టమైనవాడితో మాట్లాడలేడు, ఇష్టమైన ఇంటికి పోలేడు, ఎందుకంటే పోయిన ఇల్లు కూడా రిజిస్టరులోకి ఎక్కుతుంది. భయం మనిషిని లోపలినుంచి కడుతుందనీ, రాజ్యాంగం ఆ కట్టునూ లెక్కలోకి తీసుకోవాలనీ ఒక భారతీయ న్యాయమూర్తి అంత సూటిగా చెప్పడం, నాకు తెలిసినంతలో, అదే మొదలు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోవచ్చు గాని వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం అన్నారు.

కంటోన్మెంటులో నిలబడి ఈ మాట చెప్పడంలో కొంచెం తమాషా ఉంది. ఏ రోడ్డు తెరిచి ఉంటుంది, ఏ గేటు ఎప్పుడు మూస్తారు అన్న గొడవ మీకు ఏళ్ల తరబడి ఉన్నదే. ఆ గేట్లు అయ్యంగార్ చెప్పిన రకం ఆటంకాలు, కంటికి కనిపిస్తాయి, వాటి మీద అర్జీ పెట్టుకోవచ్చు, ధర్నా చేయవచ్చు. సుబ్బారావు పట్టించుకున్నది కనిపించని గేటు. ‘నేను సైతం’ అంటూ మన కాలనీలవాళ్లమే చందాలు వేసుకుని వీధి వీధికీ కెమెరాలు పెట్టించుకున్నాం. దొంగతనాలు తగ్గాలనే పెట్టించుకున్నాం, నేను కాదనను. 1962లో ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండటానికి చౌకీదారు చలిలో మేలుకోవలసి వచ్చేది, అంతవరకే చెబుతాను.

ఆ డిసెంట్‌లో, అంటే ఆ భిన్నాభిప్రాయ తీర్పులో, ఇద్దరు అమెరికా న్యాయమూర్తుల నీడ పడింది. ఆ ఇద్దరి గురించి కొంత చెప్పాలి.

మొదటివాడు ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. వియన్నాలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో అమెరికా చేరి, హార్వర్డ్ లా ప్రొఫెసరై, 1939లో రూజ్‌వెల్ట్ నియామకంతో అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లినవాడు. మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు 1947 చివర్లో అమెరికా వెళ్లి ఆయన్ను కలిశారు. అమెరికా రాజ్యాంగంలో ‘డ్యూ ప్రాసెస్’ అనే క్లాజు ఉంది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోవాలంటే ప్రభుత్వం న్యాయమైన పద్ధతి పాటించాలని దాని సారం. ఏది న్యాయమో తేల్చేది జడ్జి. మా అనుభవం చూసి మీరు దాన్ని పెట్టుకోకండని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా. అలా ఎందుకన్నాడో ఊహించడం కష్టం కాదు. ఆయన చదువుకున్న, పాఠం చెప్పిన రోజుల్లో అక్కడి కోర్టు ఇదే క్లాజు పట్టుకుని బేకరీ కార్మికుల పనిగంటలకు పెట్టిన హద్దును కొట్టేసింది, ఆడవాళ్ల కనీస వేతనాల చట్టాన్ని కొట్టేసింది. ప్రజలు ఎన్నుకున్నవారి చట్టాన్ని నలుగురైదుగురు జడ్జీలు తమకు నచ్చలేదని పారేయడం ప్రజాస్వామ్యం కాదని ఆయన నమ్మకం. బి.ఎన్. రావు తిరిగి వచ్చారు. 21వ అధికరణలో ఆ మాట పోయి ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న మాట వచ్చి చేరింది. చట్టం అంటూ ఒకటి ఉంటే చాలు, అది మంచిదా చెడ్డదా అని అడగనక్కర్లేదని 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. ఫజల్ అలీ ఒక్కరే గట్టిగా అడ్డు చెప్పారు.

అదే ఫ్రాంక్‌ఫర్టర్ 1949లో వుల్ఫ్ కేసులో ఇంకో మాట రాశాడు. పోలీసులు ఇష్టం వచ్చినట్టు చొరబడకుండా మనిషి గోప్యతకు రక్ష ఉండటం స్వేచ్ఛాసమాజానికి ప్రాణాధారం అని. మాట గొప్పదే. ఫలితం అలా లేదు. పోలీసులు అక్రమంగా తీసుకున్న కాగితాలను సాక్ష్యంగా వాడుకోవచ్చని తేల్చడంతో ఆ కేసులో నిందితుడైన డాక్టరు ఓడిపోయాడు. సుబ్బారావు ఆ మాటను ఎత్తుకుని, అది అమెరికా ఇంటికి ఎంత వర్తిస్తుందో భారతీయుడి ఇంటికీ అంతే వర్తిస్తుందన్నారు. ఫ్రాంక్‌ఫర్టర్ సలహాతో మన రాజ్యాంగంలోకి రాకుండా ఆగిపోయిన భావన, ఆయన మాటతోనే, పదిహేనేళ్ల తర్వాత, ఒక రాజమండ్రి మనిషి డిసెంట్‌లో లోపలికి వచ్చింది. అప్పటికి ఫ్రాంక్‌ఫర్టర్ పదవి దిగి నాలుగు నెలలైనా కాలేదు.

రెండోవాడు స్టీఫెన్ ఫీల్డ్. లింకన్ నియమించిన జడ్జి, 1863 నుంచి 1897 దాకా ముప్పై నాలుగేళ్లు దిగలేదు. అక్కడి ఫెడరల్ జడ్జికి రిటైర్మెంటు వయసు లేదు. సత్ప్రవర్తనతో ఉన్నన్నాళ్లూ ఉండవచ్చు. చికాగో ధాన్యం గిడ్డంగుల అద్దెకు ప్రభుత్వం గరిష్ఠ రేటు పెట్టింది. 1877లో అది చెల్లుతుందని కోర్టు అంటే ఫీల్డ్ డిసెంట్ రాశాడు. ప్రాణం అంటే కేవలం జంతువులా ఊపిరి తీయడం కాదు, అవయవాలన్నీ, శక్తులన్నీ అనుభవించే జీవనం అని అందులో వాదించాడు. ఎవరి కోసం ఆ వాదన? గిడ్డంగుల యజమానుల కోసం. సుబ్బారావు చేతిలో అది హిస్టరీ షీటు ఉన్న పల్లెటూరివాడికి కవచమైంది.

ఈ సంగతి దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఆయనను అర్థం చేసుకునే దారి ఇదేనని నా అభిప్రాయం. ఆయన మీద పాతకాలపు విమర్శ ఒకటుంది: ఆస్తిపరుల జడ్జి అని. దానికి ఆధారాలు లేకపోలేదు. వజ్రవేలు మొదలియార్ కేసులో, పరిహారం చాలదని కోర్టులో అడగరాదన్న నాలుగో సవరణ తర్వాత కూడా, ప్రభుత్వం భూమి తీసుకుంటే న్యాయమైన విలువ కట్టివ్వాలన్నారు. గోలక్‌నాథ్ కేసు పుట్టిందే భూమి మీద. జలంధర్‌లో హెన్రీ, విలియం గోలక్‌నాథ్ అన్నదమ్ముల కుటుంబానికి ఐదువందల ఎకరాల పైన ఉంది. పంజాబు చట్టం తలకు ముప్పై ఎకరాలు ఉంచుకోమంది. భూసంస్కరణలకు పార్లమెంటు తెచ్చిన సవరణలే ఆ కేసులో బోనెక్కాయి. కౌలు రైతు కోణంలో చూస్తే సుబ్బారావు అడ్డుగోడగానే కనిపిస్తారు. నాకూ ఆ తీర్పులోని ఆస్తి భాగం రుచించదు.

అయితే స్వేచ్ఛ విషయంలో సుబ్బారావు కావాలి, ఆస్తి విషయంలో వద్దు అని చెప్పేవాళ్లు ఆయనను రెండు ముక్కలు చేస్తున్నారు. ఆయనకు అది ఒకే ముక్క. ప్రభుత్వం మనిషి దగ్గరికి వచ్చినప్పుడు, అది భూమి కోసం వచ్చినా, అర్ధరాత్రి తలుపు కొట్టడానికి వచ్చినా, ముందు కారణం చెప్పాల్సింది ప్రభుత్వమే అని ఆయన మతం. ఫీల్డ్ వాదన గిడ్డంగి నుంచి ఖరక్ సింగ్ గుమ్మానికి అందుకే అంత సులువుగా నడిచి వచ్చింది.

ఆస్తిపరుల జడ్జి అన్న ముద్ర వేసేవారు దేవదాసన్ కేసు చదవరు. 1963. షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగాలు భర్తీ కాకపోతే తర్వాతి ఏడాదికి కలిపే క్యారీ ఫార్వర్డ్ పద్ధతిని మెజారిటీ కొట్టేసింది. సుబ్బారావు ఒక్కరే కాదన్నారు. పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి సమానంగా పరుగెత్తమనడం సమానత్వం కాదని రాశారు. రిజర్వేషను సమానత్వ సూత్రానికి మినహాయింపు కాదు, ఆ సూత్రాన్నే మరో రకంగా చెప్పడం అన్నారు. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారికి వచ్చింది, 1992లో ఇందిరా సహానీ కేసులో దేవదాసన్ తీర్పే పోయింది. ఇదీ ఓడి గెలిచినదే.

గోలక్‌నాథ్‌లో ఇంకొక అమెరికా సరుకుంది. పాత సవరణలు చెల్లవని వెనక్కి వెళ్లి కొట్టేస్తే పదిహేడేళ్లుగా పంచిన భూములన్నీ తిరగబడతాయి. అందుకని, ఇవాళ్టి నుంచి పార్లమెంటుకు ఈ అధికారం లేదు, జరిగిపోయినవి మాత్రం అలాగే ఉంటాయి అన్నారు. తీర్పు ముందుకే పనిచేసే ఈ పద్ధతికి 1932లో అమెరికాలో న్యాయమూర్తి కార్డోజో ద్వారం తెరిచాడు. ఆస్తిపరుల జడ్జి పేద రైతుకు అప్పటికే చేరిన ఎకరాన్ని కదిలించలేదన్నమాట. గోలక్‌నాథ్ పోయినా ఆ పద్ధతిని మన కోర్టులు నేటికీ వాడుతున్నాయి. పన్నుల కేసులు చూసేవారికి దాని విలువ తెలుసు.

1967 ఏప్రిల్ 10. పాస్‌పోర్టు కేసు, సత్వంత్ సింగ్ సాహ్నీ. అంతవరకు పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం దయ. దానికొక చట్టమే లేదు. విదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా ఆపడానికి వీల్లేదని ఆయన ముగ్గురు-ఇద్దరు మెజారిటీతో తీర్పు ఇచ్చారు. అమెరికా కోర్టు 1958లో కెంట్ కేసులో అన్న మాట అందులో తోడు నిలిచింది. మూడు నెలలు తిరగకుండా పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేయవలసి వచ్చింది. ఈ హాలులో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసులో మీ పిల్లల అర్జీని తిరస్కరిస్తే కారణం అడిగే వీలుందంటే, దాని మూలం ఆ తీర్పులో ఉంది.

ఆ మర్నాడు, ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేశారు. పదవీకాలం ఇంకా మూడు నెలలుంది. ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. మే 6న పోలింగు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, ఈయనకు 3,63,971.

అమెరికాలో ఇలాంటిదే ఒకటి జరిగింది. 1916లో చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ సుప్రీంకోర్టు జడ్జి పదవికి రాజీనామా ఇచ్చి అధ్యక్ష పదవికి పోటీ చేసి, కాలిఫోర్నియాలో నాలుగువేలైనా లేని తేడాతో ఆ రాష్ట్రాన్నీ, దాంతో ఎన్నికనూ విల్సన్‌కు పోగొట్టుకున్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా తిరిగొచ్చాడు. ఇందాక చెప్పిన ఫీల్డ్ అయితే పదవి వదలకుండానే 1880లో డెమోక్రటిక్ పార్టీ టికెట్టుకు ప్రయత్నించాడు. వారితో పోలిస్తే సుబ్బారావు చేసినది మర్యాదైన పనే. అయినా తప్పేనని నేను అంటాను. ప్రభుత్వం రెక్కలు కత్తిరించే తీర్పు, అదీ ఒక్క ఓటు తేడాతో, ఇచ్చి ఏడు వారాలు తిరగకుండా ఆ ప్రభుత్వ ప్రత్యర్థుల అభ్యర్థిగా నిలబడితే, తీర్పు చదవనివాడికి కూడా దాన్ని అనుమానించే హక్కు ఇచ్చినట్టే. ఓడినందువల్ల ఆయనకు పోయిందేమీ లేదు, గోలక్‌నాథ్‌కు పోయింది. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న కె.ఎన్. వాంఛూ, గోలక్‌నాథ్‌లో ముగ్గురి తరఫున డిసెంట్ రాసినవారే. 1971లో గోలక్‌నాథ్‌కు విరుగుడుగా పార్లమెంటు 24వ సవరణ తెచ్చినప్పుడు ఆ తీర్పును వెనకేసుకొచ్చే గొంతులు పలచబడ్డాయి. కేశవానందలో అది పోయినా దాని ఎముక మిగిలింది. హక్కుల భాగమంతా కాదు గాని రాజ్యాంగ మౌలిక స్వరూపం మాత్రం ముట్టుకోరానిదన్నారు. ఆ మాట అన్న ఏడుగురిలో మన హైదరాబాదు న్యాయమూర్తి పి. జగన్మోహన్ రెడ్డిగారు ఒకరు.

సుబ్బారావుగారు 1976 మే 6న పోయారు. దానికి ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 28న, జబల్‌పూర్ ఏడీఎం కేసులో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు-ఒకరు తేడాతో చెప్పింది. ఆ ఒక్కరు హెచ్.ఆర్. ఖన్నా. మొదట్లో చెప్పిన 2017 తీర్పులో, అంటే పుట్టస్వామి కేసులో, న్యాయమూర్తి నారిమన్ ఈ దేశపు మూడు గొప్ప డిసెంట్‌ల పేర్లు చెప్పారు: గోపాలన్‌లో ఫజల్ అలీ, ఖరక్ సింగ్‌లో సుబ్బారావు, జబల్‌పూర్‌లో ఖన్నా. ఆధార్ మీద ఒక రిటైర్డు హైకోర్టు జడ్జి వేసిన ఆ పిటిషనులో ప్రభుత్వం ఖరక్ సింగ్ మెజారిటీని అడ్డం పెట్టుకుని గోప్యత ప్రాథమిక హక్కు కాదని వాదించింది. ఆ మెజారిటీయే పోయింది. జబల్‌పూర్ తీర్పూ అదే రోజు పోయింది.

చివరగా వృత్తిలో ఉన్న మిత్రులకు ఒక మాట, ప్రశ్నలకు ముందు. ఖరక్ సింగ్ కేసులో అందరూ మరిచిపోయే మొదటి పాయింటు ఒకటుంది. 236వ నిబంధన శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు శాఖ తనకు తాను రాసుకున్నది. చట్టం కానిదాన్ని చూపించి హక్కును తగ్గించలేరు. ఆ నలుగురూ రాత్రి సందర్శనలను కొట్టేసింది కూడా ఈ కారణం మీదే. మన రెండు రాష్ట్రాల్లో రౌడీషీటు తెరిచేది పోలీసు స్టాండింగు ఆర్డర్ల కింద. కేసు కొట్టేసినా షీటు మూయని సందర్భాలు మీలో చాలామంది చూసే ఉంటారు. పుట్టస్వామి తర్వాత ఆ ఆర్డర్లు ఏ చట్టం మీద నిలబడుతున్నాయో మీరు రిట్లలో ఎలా అడుగుతున్నారు, ప్రభుత్వ ప్లీడర్లు ఏం జవాబు చెబుతున్నారు అన్నది నాకు వినాలని ఉంది. వెనక వరుసలో చేయెత్తినవారు ముందు మొదలుపెట్టండి.